తరతరముల గుండె జబ్బు: దీర్ఘ పరిశీలన నేర్పిన పాఠములు

"ఆ యింటి మగవారికి నలువది దాటదు" అను మాట మన పల్లెలలో అప్పుడప్పుడు వినబడుచుండును. తండ్రి నడివయస్సులో ఆకస్మికముగా పోయెను. కొన్ని యేండ్లకు పెద్దకొడుకు పొలములో పనిచేయుచునే కుప్పకూలెను. పినతండ్రి కుమారుడు కబడ్డీ యాడుచు పడిపోయి మరల లేవలేదు. ఇట్టి కుటుంబములను గూర్చి ఊరివారు చాటుగా చెప్పుకొందురు. గాలి సోకినదని కొందరు, ఎవరి ఉసురో తగిలినదని కొందరు, ఇంటి వాస్తు మంచిది కాదని మరికొందరు అందురు. ఆ యింటి పిల్లల పెండ్లి సంబంధములు సయితము ఈ మాటల వలన చెడుచుండును.

ఇందులో ఒక విషయమును మనము గమనింపవలసి యున్నది. ఊరివారు చూచినది నిజమే. ఆ మరణములు ఒకే వంశమును వెన్నంటి వచ్చుచున్నవని వారు కనిపెట్టినారు. వారు చెప్పు కారణము మాత్రము సరియైనది కాదు. ఇట్టి మరణములలో కొన్నింటికి గుండె కండరమునకు వంశపారంపర్యముగా వచ్చు వ్యాధి కారణము. ఈ వ్యాధి ఎట్లు పుట్టునో, ఏ వయస్సున బయటపడునో, ఎవరిలో ముదురునో, ఎవరిని బాధింపక విడిచిపెట్టునో తెలిసికొనుటకు వైద్యశాస్త్రజ్ఞులు 60 సంవత్సరములకు పైగా ఓపికతో పరిశీలన సాగించుచున్నారు. ఆ పరిశీలన వృత్తాంతమును, అందువలన మన కుటుంబములకు కలుగు లాభమును ఈ వ్యాసమున వివరింతుము.

వ్యాధి స్వరూపము

గుండె పిడికిలి యంత కండరము. రక్తనాళములు పూడుకొనుట వలన వచ్చు గుండెపోటును గూర్చి అందరును వినియున్నారు. మనము చెప్పుకొను వ్యాధి అది కాదు. ఇందులో చెడునది నాళము గాక కండరమే. దీనిలో రెండు విధములు ముఖ్యమైనవి. మొదటిదానిలో గుండె గోడ మందమగును. రెండవదానిలో గుండె సాగి, పలుచబడి, బలహీనమగును.

మొదటి విధమును ఇంటి గోడతో పోల్చి చెప్పవచ్చును. మట్టిగోడకు లోపలివైపున ఏటేట పూత మీద పూత వేయుచు పోయినచో, ఇల్లు బయటకు మునుపటివలెనే కనబడును గాని లోపలి గది ఇరుకగును. అట్లే మందమైన గుండెలో రక్తము నిండుటకు చోటు తగ్గును. కొందరిలో రక్తము వెలుపలికి పోవు ద్వారముకడ గోడ ఉబ్బి అడ్డు తగులును. ఆరోగ్యవంతునిలో గుండె గోడ మందము సాధారణముగా 12 మిల్లీమీటర్లకు మించదు. రక్తపోటు వంటి వేరొక కారణము లేకుండ పెద్దవారిలో ఆ మందము 15 మిల్లీమీటర్లు గాని, అంతకు మించి గాని యున్నచో వైద్యులు ఈ వ్యాధిగా తలంతురు. వ్యాధి యున్నదని తేలిన కుటుంబములో, రక్తసంబంధికునికి 13 మిల్లీమీటర్లున్నను జాగ్రత్త పడుదురు.

ఆయాసము, పనిచేయునప్పుడు రొమ్ములో నొప్పి, గుండె దడ, శ్రమపడునప్పుడు సొమ్మసిల్లి పడుట దీని లక్షణములు. అనేకులలో ఏ లక్షణమును కనబడదు. గుండె లయ ఒక్కసారిగా తప్పి, అంతవరకు ఆరోగ్యముగా తిరిగిన యువకుడు పడిపోవుట కొందరిలో మొదటి సూచన యగుచున్నది. ఈ వ్యాధిని భయంకరముగా చేయునది ఇదియే.

తల్లిదండ్రులనుండి బిడ్డకు

మన శరీరమును నిర్మించు ఆదేశములన్నియు జన్యువులలో లిఖితమై యుండును. ప్రతి జన్యువునకు రెండు ప్రతులుండును. ఒకటి తండ్రినుండి, మరియొకటి తల్లినుండి వచ్చును. ఒక పదములో ఒత్తు జారిపోయినచో అర్థము మారునట్లు, జన్యువులో ఒక్క అక్షరము మారినను దానివలన తయారగు మాంసకృత్తు లోపభూయిష్టము కావచ్చును. గుండె కండరమును ముడిచి విప్పు మాంసకృత్తుల జన్యువులలో ఇట్టి లోపము కలిగినప్పుడు ఈ వ్యాధి వచ్చును.

తల్లిదండ్రులలో ఒకరికి ఈ లోపమున్నచో ప్రతి బిడ్డకును అది సంక్రమించుటకు సగము అవకాశము కలదు. నాణెమును ఎగురవేసినట్టిదే యిది. పెద్దబిడ్డకు వచ్చినది గనుక చిన్నబిడ్డకు రాదని గాని, పెద్దబిడ్డ తప్పించుకొన్నది గనుక చిన్నవానికి తప్పదని గాని అనుకొనరాదు. ప్రతి కాన్పునకును నాణెము క్రొత్తగా ఎగురును. మగబిడ్డ యనియు ఆడుబిడ్డ యనియు భేదము లేదు. ఆడుపడుచు వేరొక యింటికి కోడలుగా పోయినను ఆమెతో ఈ లోపము పోవచ్చును. "మా ఇంటి పేరు వారికే" అనుకొనుట పొరపాటు.

పరిశీలన యనగా నేమి?

పరిశోధన యనగానే మనవారిలో కొందరు భయపడుదురు. క్రొత్త మందును తమపై ప్రయోగించెదరేమో యని సందేహింతురు. పరిశోధనలలో పలు విధములు కలవు. మందును పరీక్షించు పరిశోధన వేరు. పరిశీలనాత్మక పరిశోధన వేరు. ఈ రెండవదానిలో క్రొత్త మందేదియు ఈయరు. రోగికి జరుగవలసిన వైద్యము యథాప్రకారము జరుగును. శాస్త్రజ్ఞులు చూతురు, కొలుతురు, వ్రాసికొందురు, కొంతకాలమునకు మరల చూతురు.

రైతునకు ఈ పద్ధతి క్రొత్త గాదు. క్రొత్త వంగడమును గూర్చి ఒకనాటి మొలకను చూచి ఎవ్వరును తీర్పు చెప్పరు. ఎప్పుడు నాటితిమి, ఎన్నాళ్లకు పిలకలు వేసినది, తెగులు ఎప్పుడు తగిలినది, ఏ మడిలో తట్టుకొన్నది అని రెండు మూడు పంటలు గమనించిన పిదపనే దాని గుణము తెలియును. గుండె కండర వ్యాధి ఒక మనిషి జీవితకాలమంతయు నెమ్మదిగా నడచునది గనుక, దీని గుణము తెలిసికొనుటకు ఒక తరము చాలదు.

పాల్గొనువారికి సాధారణముగా జరుగునది ఇంతియే. కుటుంబ చరిత్రను అడిగి వంశవృక్షము వ్రాసికొందురు. గుండె విద్యుత్తును గీతలుగా చూపు ఇ.సి.జి. తీయుదురు. శబ్దతరంగములతో గుండె గోడను, కవాటములను చూపు ఎకో పరీక్ష చేయుదురు. ఎకో పద్ధతికి 1953లో స్వీడను దేశమందలి లుండ్ నగరమున ఎడ్లర్, హెర్ట్జ్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు నాంది పలికిరి. ఇందులో కోత గాని, నొప్పి గాని లేదు. కొందరికి ఎం.ఆర్.ఐ. తీసి కండరములో మచ్చలేర్పడినవేమో చూతురు. జన్యు పరీక్షకై కొంచెము రక్తము తీసికొందురు. ఒకటి రెండేండ్లకు గాని, మూడు నాలుగేండ్లకు గాని మరల పిలిచి అవే కొలతలు తీయుదురు.

ఒక కుటుంబము, ముప్పది యేండ్లు

1958లో లండను నగరమున డొనాల్డ్ టియర్ అను వైద్యుడు, హఠాత్తుగా మరణించిన యువకుల గుండెలను పరీక్షించి, వాటి గోడ ఒకవైపున అసాధారణముగా మందమై యున్నదని ప్రకటించెను. ఈ వ్యాధిని గూర్చిన ఆధునిక విజ్ఞానము అక్కడ మొదలైనదని చెప్పుదురు.

1961లో కెనడా దేశమందలి క్విబెక్ రాష్ట్రములో పారే మొదలగు వైద్యులు ఒక ఫ్రెంచి కెనడియను కుటుంబమును గూర్చి వ్రాసిరి. ఆ వంశములో తరతరముగా గుండె జబ్బును, ఆకస్మిక మరణములును కనబడెను. వైద్యులు ఎవరు ఎవరి బిడ్డయో, ఎవరికి వ్యాధి యున్నదో వివరముగా నమోదు చేసిరి. జన్యువును చదువు సాధనములు ఆనాడు లేవు. ఆ నమోదు మాత్రము నిలిచియుండెను. సుమారు మూడు దశాబ్దముల పిదప అమెరికాలో సైడ్‌మన్ దంపతుల పరిశోధక బృందము అదే వంశమును మరల పరీక్షించి, వ్యాధిమూలము 14వ క్రోమోజోముపై నున్నదని 1989లోను, మయోసిన్ అను మాంసకృత్తు జన్యువులో ఒక్క అక్షరము మారుటయే కారణమని 1990లోను నిరూపించెను.

ఈ వృత్తాంతమున గ్రహింపదగిన దొకటి కలదు. 1961లో తమ కుటుంబ చరిత్రను దాచక చెప్పినవారిలో చాలమందికి తమకొరకు లాభము కలుగలేదు. వారు చెప్పిన మాటలు వారి మనుమలకును, లోకమందలి ఇట్టి కుటుంబములన్నిటికిని ఉపకరించినవి.

ఆరోగ్యవంతులును ఏల రావలెను?

తొలి దశాబ్దములలో ఈ వ్యాధి మిక్కిలి ప్రాణాంతకమని వైద్యులు తలంచిరి. ఏటేట నూటికి ముగ్గురు మొదలు ఆరుగురు వరకు మరణించుచున్నారని పెద్ద ఆసుపత్రుల లెక్కలు చూపెను. ఆ లెక్కలు అబద్ధములు కావు. అయినను వాటిలో ఒక లోపము దాగియుండెను. పెద్ద ఆసుపత్రికి దూరప్రాంతములనుండి చేరువారు వ్యాధి ముదిరినవారే గదా! ఇంట సుఖముగా నున్నవారు లెక్కలోనికి రానేలేదు. చెరువులో పైకి తేలిన చచ్చిన చేపలను మాత్రము లెక్కించి, చెరువునందలి చేపలన్నియు చచ్చినవని చెప్పినట్లు ఆ లెక్క జరిగెను.

తరువాత సామాన్య ప్రజలను పరీక్షించుట మొదలయ్యెను. అమెరికాలో నాలుగు నగరములకు చెందిన 23 మొదలు 35 ఏండ్ల వయస్సుగల 4,111 మందికి ఎకో పరీక్ష చేయగా 7 గురిలో ఈ వ్యాధి కనబడినదని 1995లో ప్రకటించిరి. అనగా ఇంచుమించు ప్రతి 500, 600 మందిలో ఒకరికి కలదన్న మాట. ఇది అరుదైన వ్యాధి యను అభిప్రాయము దీనితో మారెను. రోగులందరిని లెక్కలోనికి తీసికొనగా మరణముల రేటు ఏటికి నూటికి ఒకటి లేదా అంతకు తక్కువ యని తేలెను. పలువురు నిండు ఆయుర్దాయము పొందుచున్నారు. ఆరోగ్యవంతులుగా కనబడువారు సయితము పరీక్షకు వచ్చుట వలననే ఈ శుభవార్త తెలిసినది.

వ్యాధి ఎట్లు నడచును?

జన్యులోపముండుట వేరు, వ్యాధి యుండుట వేరు. ఈ భేదమును బాగుగా గుర్తుంచుకొనవలెను. 2020లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, లోపము సంక్రమించియు గోడ మందము కాని 285 మందిని ఏండ్ల తరబడి పరిశీలించిరి. వారిలో చాలమంది పిల్లలును యువకులును. 15 ఏండ్లు గడచునప్పటికి వారిలో సుమారు సగముమందిలో వ్యాధి బయటపడునని ఆ లెక్కవలన తేలినది. మిగిలిన సగముమందిలో అప్పటికిని వ్యాధి రాలేదు. మగవారిలోను, మొదటి ఇ.సి.జి.లోనే తేడా కనబడినవారిలోను వ్యాధి వచ్చు అవకాశము హెచ్చుగా నుండెను.

మరియొక పెద్ద పరిశీలన వివిధ దేశముల వైద్యకేంద్రములు కలిసి జరిపినది. 4,591 మంది రోగుల వివరములను సమకూర్చి 2018లో ఫలితములను ప్రకటించిరి. చిన్న వయస్సున వ్యాధి బయటపడినవారికి, ముదిమిలో బయటపడినవారికంటె జీవితములో చిక్కులు చాల ఎక్కువ యని తేలినది. జన్యులోపము స్పష్టముగా నున్నవారిలో ఆ చిక్కులు సుమారు రెండింతలు. ఆ చిక్కులలో ఆకస్మిక మరణముకంటె గుండె లయ తప్పుట, గుండె నీరసించుట హెచ్చు భాగము. కావున యువకుని ఆకస్మిక మరణమును తప్పించుటతో పని ముగియదనియు, నడివయస్సు దాటిన పిదప గూడ రోగిని కనిపెట్టి యుండవలెననియు వైద్యులు గ్రహించిరి.

హైదరాబాదులో జరిగిన కృషి

ఈ విషయమున మన తెలుగునాటి శాస్త్రజ్ఞుల పాత్ర గణనీయమైనది. హైదరాబాదునందలి సి.సి.ఎం.బి. పరిశోధకులు, దేశ విదేశములలోని ఇతరులతో కలిసి 2009లో ఒక ముఖ్య విషయమును ప్రకటించిరి. గుండె కండరమునకు చెందిన ఎం.వై.బి.పి.సి.-3 అను జన్యువులో 25 అక్షరముల ముక్క లోపించుట భారత ఉపఖండ ప్రజలలో నూటికి సుమారు నలుగురిలో కనబడుచున్నదనియు, గుండె కండర వ్యాధిగ్రస్తులలో అది మరింత హెచ్చుగా నున్నదనియు వారు చూపిరి. ఆ లోపము గలవారికి వ్యాధి వచ్చు అవకాశము సుమారు 7 రెట్లని ఆనాటి అంచనా.

పరిశీలన అంతటితో ఆగలేదు. ఆ ముక్క లోపించినవారందరికి సమానముగా అపాయము లేదని తరువాతి పరిశోధనలు తెలుపుచున్నవి. దానితోపాటు అదే జన్యువులో వేరొక మార్పు గూడ కలసి వచ్చిన కొద్దిమందికే ముఖ్యముగా అపాయమని బ్రిటనులోని దక్షిణాసియా సంతతివారిని పరీక్షించి 2020లో ప్రకటించిరి. నూటికి నలుగురు అన్న మాటను విని కోట్లమంది భయపడనక్కర లేదు. శాస్త్రము తన మాటను తానే మరల తూచి చూచుకొని సరిదిద్దుకొనును. అట్లు సరిదిద్దుకొనుటకు మరింతమంది వివరములు కావలసి యుండును.

మేనరికములను గూర్చి ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. సాధారణముగా ఈ లోపము ఒక్క ప్రతిలోనే యుండును. దగ్గరి చుట్టముల నడుమ వివాహము జరిగినప్పుడు ఇరువైపులనుండియు అదే లోపము బిడ్డకు సంక్రమించు అవకాశము పెరుగును. రెండు ప్రతులును చెడిన బిడ్డలలో వ్యాధి పసితనముననే తీవ్రరూపము దాల్చవచ్చును. గుండె కండర వ్యాధి యున్న కుటుంబములలో మేనమామ, మేనత్త బిడ్డల సంబంధములు తలపెట్టుటకు ముందు వైద్యుని సలహా పొందుట మంచిది.

కుటుంబము చేయవలసిన పనులు

దగ్గరి బంధువులలో ఎవరైన 40 ఏండ్లలోపున కారణము తెలియక హఠాత్తుగా మరణించినను, ఆటలోనో పనిలోనో సొమ్మసిల్లి పడినను, గుండె కండర వ్యాధి యున్నదని తేలినను, ఆ వ్యక్తి తల్లిదండ్రులు, తోబుట్టువులు, బిడ్డలు అందరును ఇ.సి.జి., ఎకో పరీక్షలు చేయించుకొనవలెను. ముందుగా ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యునితో చెప్పి, జిల్లా ఆసుపత్రికి గాని, హైదరాబాదునందలి నిమ్స్, తిరుపతియందలి స్విమ్స్ వంటి పెద్ద ఆసుపత్రుల హృద్రోగ విభాగములకు గాని పోవచ్చును.

ఒకసారి పరీక్షలో ఏమియు లేదని తేలినంత మాత్రమున నిశ్చింతగా నుండరాదు. వ్యాధి తరువాత రావచ్చును. పిల్లలకు ఒకటి రెండేండ్లకొకసారి, పెద్దలకు మూడు మొదలు ఐదేండ్లకొకసారి మరల పరీక్షింపవలెనని వైద్యుల సూచన. కుటుంబములో వ్యాధికి కారణమైన జన్యులోపము స్పష్టముగా తెలిసినచో, అది సంక్రమించనివారికి ఈ పరీక్షల బాధ తప్పును. "నీకు లేదు, నీ బిడ్డలకు రాదు" అని చెప్పగలుగుటయు వైద్యము చేసినంత మేలే.

వ్యాధి యున్నదని తేలినవారు నిరాశ చెందనక్కర లేదు. గుండె వేగమును అదుపులో నుంచు మందులు కలవు. అడ్డుగా నున్న కండరమును శస్త్రచికిత్సచే తీసివేయు పద్ధతి 1960 ప్రాంతమునుండి యున్నది. ఆకస్మిక మరణపు భయము హెచ్చుగా గలవారికి, లయ తప్పినప్పుడు తానే సరిచేయు చిన్న పరికరమును రొమ్ములో అమర్చుదురు. అది ఎవరికి అవసరమో, ఎవరికి అనవసరమో తెలుపునది గూడ దీర్ఘకాల పరిశీలనయే. ఎండలో నీరు త్రాగక శ్రమించుట ఇట్టివారికి ముప్పు తెచ్చును. ఎంత పని, ఎట్టి ఆట తగునో వైద్యుని అడిగి తెలిసికొనవలెను.

ఎవరైన కన్నులయెదుట కూలిపోయి, పిలిచినను పలుకక, ఊపిరి సరిగా తీయనిచో, నీళ్లు చల్లుచు, తాళపుచెవి చేతిలో పెట్టుచు కాలము వ్యర్థము చేయరాదు. వెంటనే ఒకరు 108కి ఫోను చేయవలెను. మరియొకరు రొమ్ము మధ్యభాగమున రెండు అరచేతులను ఒకదానిపై నొకటి యుంచి, నిమిషమునకు 100 మొదలు 120 సార్లు బలముగా అదుముచు, సహాయము వచ్చువరకు మానక సాగింపవలెను.

పాల్గొనువారి హక్కులు

పరిశోధనలో చేరుమని ఎవరైన కోరినప్పుడు దాని ఉద్దేశమేమో మన భాషలో విడమరచి చెప్పుమని అడుగుట మన హక్కు. అంతయు విని ఇష్టపడిన పిదపనే సంతకము గాని, వ్రేలిముద్ర గాని వేయవలెను. ఎప్పుడైనను, కారణము చెప్పకయే, మానుకొనవచ్చును. మానుకొన్నందున జరుగవలసిన వైద్యమునకు లోటు రాకూడదు. మన పేరును, వివరములను గోప్యముగా నుంచవలెను. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన నైతిక నియమములు ఈ రక్షణలను కల్పించుచున్నవి.

సంబంధములు చెడునను భయముతో ఇంటి జబ్బును దాచుట మనలో చిరకాలముగా వచ్చుచున్నది. ఆ భయము అర్థము చేసికొనదగినదే. దాచిన జబ్బు మాత్రము ఇంటిలోనే యుండి, తరువాతి బిడ్డను వెదకికొనును. తాతగారు ఏ వయస్సున పోయిరి, పెదనాన్న ఎట్లు పడిపోయెను, మేనత్తకు ఆయాసమెప్పుడు మొదలయ్యెను అను వివరములు పెద్దలకు మాత్రమే తెలియును. వారు పోయినచో వారితో ఆ వివరములును పోవును. ప్రతి కుటుంబములోను చదువుకొన్న పిల్లవాడో పిల్లయో పెద్దలయొద్ద కూర్చుండి, మూడు తరముల వంశవృక్షమును, మరణకారణములతో సహా, ఒక పుస్తకమున వ్రాసి యుంచవలెనని మా మనవి. వైద్యునియొద్దకు పోవునాడు ఆ పుస్తకమును వెంట తీసికొనిపోవలెను. ఏ పరీక్షకును ముందు వైద్యుడు అడుగు మొదటి ప్రశ్నకు జవాబు అందులోనే యుండును.